వేళ్ల చుట్టరికము: గవర్నర్‌పేట నుండి సూర్యలంక వఱకు

బెజవాడకు వచ్చి గవర్నర్‌పేటను చూడక మరలిపోయిన స్త్రీలు మిక్కిలి తక్కువ. బందరు రోడ్డునకును ఏలూరు రోడ్డునకును నడుమ నున్న యీ పేటకు పెండ్లి చీరల కొఱకు వచ్చువారు కొందఱు, పిల్లల పుస్తకముల కొఱకు వచ్చువారు కొందఱు, వైద్యుని చూడవచ్చువారు మఱికొందఱు. బీసెంటు రోడ్డులో సాయంకాలము భుజము భుజము రాచుకొనకుండ నడచుట కష్టము. ఈ యూరి యెండ సంగతి చెప్పనక్కఱలేదు. వైశాఖ జ్యేష్ఠములలో సంచులతో, చంటిపిల్లలతో వీధిలో నిలిచిన యిల్లాలికి దుకాణపు పందిరికంటె మేలైన నీడ నిచ్చునది త్రోవప్రక్కనున్న వేపయో, కానుగయో, రావియో యగుచున్నది.

ఈ చెట్లను చూచుటకే మేము ఒకనాటి యుదయమున పేటలో తిరిగితిమి. కొన్నిటి మొదళ్లను తాకునంతవఱకు సిమెంటు పఱచియున్నది. కొన్నిటికి చుట్టును జానెడు మన్ను మాత్రమే మిగిలినది. వీనికి ఎరువు వేయువారు లేరు. అయినను ఏటేట చిగిర్చి, పూచి, నీడ నిచ్చుచునే యున్నవి. ప్రక్కనే క్రొత్తగా నాటిన మొక్కలు కొన్ని, నీరు పోసినను, ఒక వేసవి గడచునంతలో వాడిపోయి యినుప కంచెలు మాత్రము నిలిచియున్నవి. ముసలిచెట్టునకు ఉన్న యాధారమేమి? పసిమొక్కకు లేనిదేమి? నీరు, లోతైన వేళ్లు, మంచి మన్ను అను సమాధానములు నిజమే. కాని వీనితోపాటు కంటికి కనబడని మఱియొక యాధారము కలదు. దానిని గూర్చియే యీ వ్యాసము.

చెట్టు వేరు ఒంటరిగా నుండదు. దాని చిట్టచివరి సన్ననివేళ్లలో బూజుజాతికి చెందిన శిలీంధ్రములు కాపురముండును. వర్షకాలమున పేడకుప్పపై లేచు పుట్టగొడుగును మన మెఱుగుదుము. వేళ్లలోని యీ జాతికి గొడుగు లేదు. తలవెండ్రుకకంటె ఎన్నో రెట్లు సన్ననైన దారములే దాని శరీరము. 1885లో జర్మనీ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ ఫ్రాంక్ ఇట్టి వేళ్లను పరీక్షించి, వేరును శిలీంధ్రమును కలిసి యొక అవయవమువలె పనిచేయుచున్నవని చెప్పి, దానికి మైకోరైజా యని పేరు పెట్టెను. శీతలదేశముల దేవదారు జాతులలోను, మన గుగ్గిలపు చెట్టులోను ఆ దారములు వేరునకు వెలుపల తొడుగువలె చుట్టుకొనును. వేప, రావి, మామిడి మొదలైన మన చెట్లలోనైతే అవి వేరు లోపలికే పోయి, కణములలో నివసించును. భూమిమీది మొక్కలలో నూటికి సుమారు 70 ఈ రెండవ విధపు చుట్టరికము గలవే. ఆవమొక్క, క్యాబేజీ వంటివి కొన్ని దీనిని వదలుకొన్నవి.

చెట్టునకు ఈ చుట్టము వలన కలుగు లాభములలో ముఖ్యమైనది భాస్వరము. మన యెముకలలోను, పండ్లలోను ఉన్న ధాతువే యిది. ప్రాణముగల ప్రతి కణమునకును ఇది కావలెను. ఈ విషయమున మన తెలుగువాని పేరు ఒకటి తప్పక స్మరింపదగినది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఫిస్కె యను ఆచార్యునితో కలిసి, భాస్వరమును నీలిరంగుగా మార్చి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. 1929లో ఆ యిరువురే కండరములనుండి ఏ.టి.పి. యను భాస్వరపు సమ్మేళనమును వేఱుచేసి చూపిరి. కణములు శక్తిని ఖర్చుపెట్టు నాణెము అదియే. మనము చేయి యెత్తుటకును, వేపచెట్టు చిగురు వేయుటకును ఆ నాణెమే చెల్లుచున్నది.

భాస్వరము మంటిలో లేకపోదు. కాని సున్నపు పాలు గల నల్లనేలలో అది సున్నముతోను, ఎఱ్ఱనేలలో ఇనుముతోను పెనవేసికొని కదలకుండును. వేరు తన చుట్టును ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర నున్న దానిని త్రాగివేసిన పిదప, దూరముననున్నది దానియంతట దగ్గఱకు రాదు. అప్పుడు శిలీంధ్రపు దారములు వేరు చొరలేని సందులలో చొచ్చి, వేరునకు ఎన్నో సెంటీమీటర్ల దూరమునుండి భాస్వరమును తెచ్చి యిచ్చును. సిమెంటు క్రింద వ్యాపించిన ముసలిచెట్టునకు ఇట్టి వల యొకటి యున్నది. నర్సరీ సంచిలోనుండి వచ్చిన పసిమొక్కకు అది లేకపోవచ్చును.

ఇంత చిన్న జీవికిని అంత పెద్ద చెట్టునకును పరిచయ మెట్లు కలుగును? రెండిటికిని కన్నులు లేవు, నోరు లేదు. అవి అణువులతో కబురు పంపుకొనును. ఈ కబుళ్లను చదువుటకు శాస్త్రజ్ఞులకు చాల కాలము పట్టినది.

1966లో అమెరికాలో ప్రత్తివేళ్లనుండి ఒక వింత పదార్థమును వేఱుచేసిరి. ఇతర మొక్కల వేళ్లను పట్టి రసము పీల్చు స్ట్రైగా యను కలుపుమొక్క విత్తనములు ఆ పదార్థము తగిలిన వెంటనే మొలకెత్తుచుండెను. కృష్ణకు ఆవలి గుంటూరు సీమలో పొగాకు రైతులు ఎఱిగిన పొగాకు మల్లె యిట్టిదే. దాని విత్తనము ఏండ్ల తరబడి మంటిలో నిద్రించి, పొగాకువేరు వాసన తగిలినపుడే కన్ను తెఱచును. ఈ జాతి పదార్థములకు స్ట్రిగోలాక్టోనులని పేరు. మొక్క తన్ను దోచు దొంగను తానే పిలుచుకొనుట యేమి? ఈ ప్రశ్నకు 2005లో జపాను శాస్త్రజ్ఞులు సమాధానము చెప్పిరి. మొక్క ఆ యణువును వెదజల్లుట శిలీంధ్రము కొఱకు. భాస్వరము కొఱతగా నున్నపుడు వేరు దానిని మంటిలోనికి విడుచును. అది తగిలిన శిలీంధ్రపు దారము చుఱుకెక్కి, కొమ్మలు వేసి, వేరువైపు సాగును. చుట్టమునకు పంపిన కబురును దొంగ విని వచ్చుచున్నాడన్నమాట.

శిలీంధ్రము ఊరకుండదు, బదులు పంపును. దాని పైపొర కైటిన్ అను పదార్థముతో చేయబడినది. కృష్ణాతీరపు వంటిండ్లలో రొయ్యలు ఒలుచునపుడు పారవేయు పెంకులో నున్నది అదే. శిలీంధ్రము చిన్న చిన్న కైటిన్ ముక్కలను, కొన్నిటికి క్రొవ్వుతోక తగిలించి, వేరునకు పంపును. ఈ తోకగల యణువుల స్వరూపమును 2011లో కనుగొనిరి. ఇందొక చిక్కు కలదు. తెగులు కలిగించు బూజుల పైపొరయు కైటినే. మిత్రు డెవరో, శత్రు వెవరో వేరునకు తెలియుట యెట్లు? ఏడెనిమిది గొలుసుకట్లు గల పొడవైన ముక్క తగిలిన వేరు జాగరూకమై పోరాటమునకు సిద్ధపడును. నాలుగైదు కట్లు గల పొట్టి ముక్క తగిలిన స్వాగతమునకు సిద్ధపడును. వరిమొక్కలో ఈ రెండు పనులయందును పాలుగొను ద్వారపాలకుడు ఒక్కడే యని కనిపెట్టిరి.

కబురు అందిన పిదప వేరు కణము నడుమనున్న కేంద్రకములో కాల్షియము నాడివలె తెరలు తెరలుగా ఎగసి తగ్గుచుండును. ఆ నాడిని చదువు మాంసకృత్తును 2004లో గుర్తించిరి. అది నాడిని చదివి, చుట్టము వచ్చుచున్నదని కణమునకు తెలియజేయును. అంతట కణము చేయు ఏర్పాటు మిక్కిలి ముచ్చటైనది. శిలీంధ్రము లోపల కాలు మోపకముందే, కణము తనలో ఈ గోడనుండి ఆ గోడకు ఒక సొరంగము కట్టి దారి సిద్ధము చేయును. 2005లో ఫ్రెంచి, ఇటలీ పరిశోధకులు దీనిని సూక్ష్మదర్శినితో కన్నులార చూచిరి. మంచి యిల్లాలు బంధువు రాకముందే వాకిలి యూడ్చి, చాప పఱచి యుంచదా?

ఆ దారిన పోయిన దారము లోపలి కణములో కొమ్మలుగా, రెమ్మలుగా చీలి చిన్న చెట్టువలె నగును. అందుచేతనే దానికి లాటిను భాషలో చిట్టిచెట్టు అను నర్థము వచ్చు పేరు పెట్టిరి. చెట్టు వేరులో మఱియొక చెట్టు! అయినను అతిథి గడప దాటలేదు. కణము దాని ప్రతి రెమ్మచుట్టును తన సొంతపొరను కప్పియుంచును. ఇచ్చిపుచ్చుకొనుట అంతయు ఆ పొరమీదుగనే. ఈ చిట్టిచెట్టు కొలది దినములే యుండి కరగిపోవును. పిదప వేఱొక కణములో క్రొత్తది యేర్పడును. స్కాట్లండులో రైనీ గ్రామమువద్ద దొరికిన సుమారు 40 కోట్ల యేండ్లనాటి శిలలలో ఇట్టి చిట్టిచెట్ల ఆనవాళ్లు కనబడినవి. ఆ శిలలలోని మొక్కకు నిజమైన వేళ్లే లేవు. కావున ఈ చుట్టరికము వేళ్లకంటెను ప్రాచీనమైనది.

ఇఁక వారి లెక్కలు చూతము. ఆకులు ఎండలో వండిన చక్కెరలో నూటికి 4 మొదలు 20 పాళ్లవఱకు శిలీంధ్రమునకు చెల్లుచున్నదని అంచనా. చక్కెర మాత్రమే కాదు. ఈ శిలీంధ్రమునకు క్రొవ్వును మొదటినుండి తయారుచేసికొను జన్యువు లేదు. నూనె లేని వంటిల్లు వంటిదది. చెట్టే క్రొవ్వును వండి యిచ్చుచున్నదని 2017లో పలువురు పరిశోధకులు వేఱు వేఱుగా నిరూపించిరి. ప్రతిఫలముగా వచ్చు భాస్వరమును అందుకొనుటకు మొక్క ఆ పొరమీద ప్రత్యేకమైన ద్వారములను పెట్టుకొనును. శిలీంధ్రము వచ్చినపుడే తెఱచుకొను అట్టి ద్వారమును 2002లో వరిలోను, మఱియొక పశుగ్రాసపు మొక్కలోను కనుగొనిరి. 2007లో ఆ ద్వారము చెడిన మొక్కలను పరీక్షింపగా, భాస్వరము అందని కణములలో చిట్టిచెట్లు కాలమునకు ముందే కృశించినవి. ఇచ్చుట ఆగిన చుట్టరికమును వేరు నిలుపుకొనదు.

ఈ సంగతులు చదివిన పిదప, చెట్టునకు చుట్టము లెంత యవసరమో స్పష్టముగా కనబడు తావు నొకదానిని చూడవలెనని మాకు తోచినది. గవర్నర్‌పేటలో వేళ్లు సిమెంటు క్రింద దాగియున్నవి. సముద్రపుటిసుకలోనైతే దాపఱికము లేదు. కావున సంక్రాంతి వెళ్లిన పిదప రైలెక్కి కృష్ణ వంతెన దాటి, తెనాలి మీదుగా బాపట్లకు పోయితిమి.

దారిపొడవున కృష్ణమ్మ పెట్టిన భిక్షయే. 1855లో పూర్తియైన ఆనకట్టవలన ఈ నేలకు కాలువలు వచ్చినవి. ఆ యానకట్టకు బదులుగా 1957లో ప్రకాశము బ్యారేజి నిలిచినది. వరి కోసిన మళ్లలో అప్పటికి మినుము పచ్చగా నుండెను. కోతకు కొలది దినములముందే నిలువుచేనిలో మినుములు చల్లుదురు. మొక్కను పెఱికి చూచిన వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు కనబడును. వానిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిచ్చును. నీరు నిండిన వరిమడిలో వేళ్లలోని శిలీంధ్రము చాల తగ్గిపోవును. నేల ఆఱిన పిదప వచ్చు పైరులో మరల పెరుగును. మనము తిను అన్నమునకును, మినపట్టునకును వెనుక ఈ కనబడని కూలీలు ఉన్నారని మఱచిపోరాదు.

1945లో వెలసిన వ్యవసాయ కళాశాల గల బాపట్లనుండి సముద్రమువైపు పోగా సూర్యలంక వచ్చును. అచ్చట సరుగుడు తోటలు. తెల్లని యిసుకలో, ఉప్పుగాలిలో, సూదులవంటి సన్నని రెమ్మలతో ఈలవేయుచు నిలిచియున్నవి. ఈ చెట్టు ఆస్ట్రేలియా, తూర్పుదీవుల తీరములనుండి మన దేశమునకు వచ్చినది. పందిళ్లకు గుంజలు, పొయ్యికి కట్టెలు, కాగితమునకు గుజ్జు దీనివలననే. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన యుప్పెన నెఱిగిన తరమువారు ఇంకను మన యిండ్లలో ఉన్నారు. ఆ పిమ్మట గాలిని నిరోధించుటకై తీరమునందు సరుగుడు తోటలను ఎక్కువగా పెంచిరి. ఊరికిని సముద్రమునకును నడుమ ఈ చెట్టు నిలుచుట యొక్క వంటచెఱకు సంగతి మాత్రము కాదు, ప్రాణముల సంగతి.

తోటలో రాలిన రెమ్మలను ఊడ్చి గోనెలో నింపుచున్న వృద్ధురాలిని, ఈ యిసుకలో మొక్కలకు ఏమి యెరువు వేయుదురని మేము అడిగితిమి.

"ఎరువేం ఏస్తామమ్మా? పాత తోటలో మట్టి దోసెడు తెచ్చి గుంటలో ఏస్తాం. ఆ మట్టి పడితే మొక్క తిప్పుకుంటది. పడకపోతే గిడసబారిపోద్ది," అని యామె చెప్పినది.

"అదెందుకు అవ్వా?" యని మరల అడుగగా, "ఎందుకంటే నేనేం జెప్పనమ్మా! పెద్దాళ్లు ఏసేవోళ్లు, మేమూ ఏస్తన్నాం," అని నవ్వినది.

ఆ దోసెడు మంటిలో ఏమున్నదో శాస్త్రము చెప్పుచున్నది. సరుగుడు వేళ్లకు ఇద్దఱు చుట్టములు. ఒకటి భాస్వరము తెచ్చు శిలీంధ్రము. రెండవది నత్రజని నిచ్చు ఫ్రాంకియా యను సూక్ష్మజీవి. మైకోరైజాకు పేరు పెట్టిన ఫ్రాంక్ పేరే దీనికిని 1886లో ఇచ్చిరి. ఈ యిద్దఱిని రెండు వేఱు వేఱు విధములుగా చెట్టు ఎఱుగునని యనుకొనవచ్చును. 2008లో ప్రకటింపబడిన పరిశోధనలో సరుగుడు జాతి చెట్టొకదానిలో సిమ్‌ఆర్‌కె యను ఒక్క జన్యువును అణచి చూచిరి. ఫ్రాంకియా బుడిపెలు సరిగా కట్టలేదు, శిలీంధ్రమును వేరులో నిలదొక్కుకొనలేదు. అంతేకాదు, అదే జన్యువు పోగొట్టుకొన్న ఒక చిక్కుడుజాతి మొక్కలో సరుగుడు జన్యువును పెట్టగా, దానికి రెండు చుట్టరికములును తిరిగి వచ్చినవి. బాపట్ల మినుమునకును సూర్యలంక సరుగుడుకును వేళ్లలోని తలుపు ఒక్కటే. ఆ తలుపు మొదట 40 కోట్ల యేండ్లనాడు శిలీంధ్రము కొఱకు అమర్చినది. పిదప వచ్చిన సూక్ష్మజీవులును దానినే తట్టినవి.

ఇచ్చట ఒక మాట. అడవిలోని చెట్లన్నియు శిలీంధ్రపు దారములద్వారా ఒకదానితో నొకటి మాటలాడుకొనుననియు, తల్లిచెట్టు తన పిల్లను గుర్తించి పాలిచ్చినట్లు ఆహారము పంపుననియు చెప్పు కథలు ఇటీవల ప్రబలినవి. వినుటకు ఇంపుగా నున్నను, అడవులలో అట్లు జరుగుచున్నదనుటకు తగిన నిదర్శనములు లేవని 2023లో కెనడా, అమెరికా పరిశోధకులు హెచ్చరించిరి. వేరునకును శిలీంధ్రమునకును నడుమ జరుగు వ్యవహారము మాత్రము అణువు అణువుగా నిరూపితమైనది. ఉన్న నిజమే యింత చక్కనిదైనపుడు లేనిదానిని జోడించుట యెందులకు?

ఇఁక గృహిణులమైన మనము చేయదగిన దేమన్నది చూతము. మొదటిది, ఎరువు విషయము. పెరటిచెట్టునకు బలమని డి.ఏ.పి. వంటి భాస్వరపు టెరువును గుప్పిళ్లతో వేయువారు కలరు. భాస్వరము సమృద్ధిగా నున్నపుడు మొక్క తానే తలుపు మూయును. ఆ తలుపును మూయు మాంసకృత్తుల పనిని 2021లో చైనా శాస్త్రజ్ఞులు వరిలో చూపిరి. కబురు ఆగును, చుట్టము రాదు. ఎరువు ఉన్నంతకాలము బాగుగనే యుండును. అది తీఱిన పిదప చెట్టు ఒంటరి యగును. బజారులో మైకోరైజా పొడి కొని తెచ్చి, దానితోపాటు భాస్వరమును మెండుగా వేయుట, బంధువును పిలిచి తలుపునకు తాళము వేయుటయే. ఆ పొడియైనను పైన చల్లిన ప్రయోజనము తక్కువ. వేరునకు తగులునట్లు గుంటలో వేయవలెను.

రెండవది, నాటుట. వీధిలోగాని, పెరటిలోగాని క్రొత్త మొక్క పెట్టునపుడు, ఆరోగ్యముగా నున్న ముసలిచెట్టు క్రిందినుండి, సన్ననివేళ్ల ముక్కలతో కూడిన మట్టిని దోసెడు తెచ్చి గుంటలో కలుపుడు. తెగులు పట్టిన చెట్టు క్రింది మట్టిని మాత్రము తేవలదు. సూర్యలంక వృద్ధురాలి పద్ధతి యిదే. ఖర్చు దమ్మిడీ లేదు.

మూడవది, సిమెంటు. ఇంటిముందు బురద కాకుండుటకు పఱపించుకొనుట తప్పనిసరి యైనను, చెట్టు మొదటిచుట్టు నాలుగు మూరల నేలను విడిచిపెట్టుమని మేస్త్రికి చెప్పవలసినది మనమే. ఆ నేలను మాటిమాటికి లోతుగా త్రవ్వరాదు, దారములు తెగిపోవును. రాలిన ఆకును తగులబెట్టక అచ్చటనే కప్పియుంచిన నేల చల్లగా, తేమగా నుండును.

గవర్నర్‌పేటలో నేడు మిగిలిన పెద్దచెట్లు మన అమ్మమ్మలనాటివి. అవి పోయిన పిదప నాటు మొక్కలకు వానిక్రింది మన్నే పుట్టినింటి సారె. చెట్టు కొట్టివేసిన మఱునాడే ఆ గుంటను కంకరతో పూడ్చి సిమెంటు పోసిన, వేళ్లలోని చుట్టములును దానితోనే సమాధి యగును. ముసలిచెట్టు ఉండగనే దాని నీడలో ఒక పసిమొక్కను నాటింపుడు. వేరు వేరును చేరినచోట చుట్టరికము తనంతట తానే సాగును. రేపటి వేసవిలో బీసెంటు రోడ్డున నిలుచు మన మనుమరాండ్రకు నీడ దొరకుట యీ జానెడు మంటిమీదనే యాధారపడియున్నది.